శవం మీద పెరిగే ఈగ వయసు, దర్యాప్తులో దాని సాక్ష్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లోఫ్లైల గురించి దర్యాప్తు సిబ్బంది, ఫోరెన్సిక్ విద్యార్థులు, న్యాయవాదులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. నమూనాలు సేకరించే పద్ధతి ఒక్కటే కావాలనుకునేవారు నేరుగా ఆ ప్రశ్నకు వెళ్లవచ్చు. ఉష్ణోగ్రత గురించిన భాగం చదవకుండా మాత్రం లెక్కలోకి దిగవద్దు.

బ్లోఫ్లై అంటే ఏ ఈగ?

ఇంట్లో తిరిగే మామూలు ఈగ కాదు. దానికంటే కాస్త పెద్దది, ఒంటి మీద లోహపు మెరుపు ఉంటుంది. కొన్ని పచ్చగా, కొన్ని నీలంగా, కొన్ని రెండు రంగులూ కలిసినట్టు మెరుస్తాయి. ఇవి కాలిఫోరిడే కుటుంబానికి చెందినవి. దర్యాప్తుల్లో తరచుగా ఎదురయ్యేవి లూసీలియా సెరికాటా అనే పచ్చ ఈగ, చల్లటి ప్రాంతాల్లో కాలిఫోరా విసీనా అనే నీలి ఈగ, వెచ్చటి ప్రాంతాల్లో క్రైసోమియా మెగాసెఫలా, క్రైసోమియా రూఫిఫేసీస్. బూడిద రంగు ఒంటి మీద నల్లచారలుండే మాంసపు ఈగలది వేరే కుటుంబం, సార్కోఫాజిడే. అవి సాధారణంగా గుడ్లు పెట్టవు, పుట్టిన పురుగులనే నేరుగా వదులుతాయి. కాబట్టి వాటి లెక్కలో గుడ్డు దశ గంటలు కలపకూడదు.

మరణించిన సమయాన్ని ఈగ చెబుతుందా?

చెప్పదు. అది చెప్పేది తన వయసు మాత్రమే. శవం మీద దొరికిన అన్నిటికంటే పెద్ద పురుగు వయసు నాలుగు రోజులైతే, నాలుగు రోజుల కింద ఆ శరీరం ఈగలకు అందుబాటులో ఉందని తెలుస్తుంది. మరణం అంతకుముందు ఎప్పుడైనా జరిగి ఉండవచ్చు. దీన్నే మరణం తర్వాత గడిచిన కనిష్ఠ సమయం అంటారు. ‘కనిష్ఠ’ అన్న మాట నివేదికలో జారిపోతే కోర్టులో మొత్తం సాక్ష్యమే జారిపోతుంది.

మరణానికీ మొదటి గుడ్డుకీ మధ్య ఉన్న ఖాళీని అంచనా వేయడం వేరే పని. దానికి ఈగ శరీరం ఏమీ చెప్పదు. ఘటనా స్థలం, వాతావరణం, శవం ఉన్న తీరు చెప్పాలి.

గుడ్డు నుంచి ఈగ వరకు ఎన్ని రోజులు పడుతుంది?

ఉష్ణోగ్రత చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. లూసీలియా సెరికాటాను సుమారు 27 డిగ్రీల దగ్గర నిలకడగా పెంచితే గుడ్డు పొదగడానికి 18 గంటలు, లార్వా (పురుగు) మొదటి దశకు 20, రెండో దశకు 12, మూడో దశలో తినడానికి 40 గంటలు పడుతుంది. తిండి మానేసి తిరిగే దశ 90 గంటలు, పెంకు లోపల ఈగగా మారే ప్యూపా దశ ఓ వారం. మొత్తం కలిపితే సుమారు రెండు వారాలు. అదే జాతిని 20 డిగ్రీల దగ్గర పెంచితే ఈ గంటలన్నీ బాగా సాగుతాయి. 10 డిగ్రీల ప్రాంతంలో ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది.

ఈ అంకెల్లో గమనించాల్సింది ఒకటుంది. తినే దశలన్నీ కలిపి మూడు రోజులే. తిండి మానేశాక ప్యూపాగా మారే వరకు పట్టే కాలం ఒక్కటే అంతకంటే ఎక్కువ. పైగా ఈ తిరుగుడు దశ ఎంత సాగుతుందో నేల తడి, వెలుతురు, గుంపు ఒత్తిడి మీద ఆధారపడి మారుతుంది. వయసు అంచనాలో తేడా పెద్దగా వచ్చేది ఈ దశలోనే. తినే దశలో ఉన్న పురుగులు దొరికితే అంచనా గంటల్లో వస్తుంది. తిరుగుడు దశవి మాత్రమే దొరికితే రోజుల్లో మాట్లాడాలి.

కాలిఫోరా విసీనా వంటి చలి దేశపు జాతుల్లో ఇంకో చిక్కు ఉంది. శరదృతువులో పగలు కురచయ్యాక తల్లి ఈగ పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన లార్వాలు తిని పెరిగాక ఆ దశలోనే నిద్రావస్థలోకి వెళ్లి చలికాలమంతా గడపగలవు. అప్పుడు డిగ్రీలు, గంటల లెక్క పనిచేయదు.

లార్వా ఏ దశలో ఉందో ఎలా తెలుసుకోవాలి?

వెనుక కొన చూడాలి. అక్కడ జంటగా శ్వాసరంధ్రాల పలకలుంటాయి. మొదటి దశలో ఒక్కో పలకకు ఒక్క చీలిక లాంటిది, రెండో దశలో రెండు, మూడో దశలో మూడు కనబడతాయి. పురుగును నిటారుగా నిలబెట్టి, వెనుక కొన మీదికి వెలుగు పడేలా చేసి, స్టీరియో మైక్రోస్కోపులో చూస్తే చాలు. కుబుసం విడవబోయే పురుగులో పాత చీలికల వెనక కొత్తవి నీడలా కనిపిస్తాయి. అలాంటివి దొరికితే అదృష్టమే, ఎందుకంటే దశ మారే ఘడియ చాలా ఇరుకైనది, వయసు అంచనా కూడా అంతే ఇరుకుగా వస్తుంది.

పొడవు కొలిస్తే వయసు తెలిసిపోదా?

సగం వరకు తెలుస్తుంది. పొదిగినప్పుడు సుమారు 2 మిల్లీమీటర్లుండే లార్వా మూడో దశ చివరికి, జాతిని బట్టి, 14 నుంచి 18 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆ తర్వాత తిండి మానేసి, కడుపు ఖాళీ చేసుకుని, మళ్లీ కుదించుకుపోతుంది. అంటే 13 మిల్లీమీటర్ల పురుగు పెరుగుతున్నదైనా కావచ్చు, తగ్గుతున్నదైనా కావచ్చు. రెంటి మధ్యా రోజుల తేడా ఉంటుంది. తేల్చుకోవడానికి అన్నాశయం చూడాలి. తింటున్న పురుగులో ముందుభాగాన ముదురు రంగు సంచి చర్మం లోంచే కనబడుతుంది. అది కుంచించుకుపోయి, ఒంట్లో తెల్లటి కొవ్వు నిండి ఉంటే తిండి మానేసినట్టే.

పొడవును మోసం చేసేవి ఇంకా ఉన్నాయి. సజీవంగా ఉన్న పురుగు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది కాబట్టి ఆ కొలత పనికిరాదు. నేరుగా ఆల్కహాల్‌లో వేసి చంపితే ముడుచుకుపోతుంది. అప్పుడు అది చిన్నదిగా, అంటే వయసు తక్కువగా కనిపిస్తుంది. తిండి చాలని చోట పెరిగిన పురుగులు పొట్టిగానే ప్యూపాలవుతాయి. అందుకే దశ ముందు, పొడవు తర్వాత.

డిగ్రీలు, గంటల లెక్క ఎలా వేస్తారు?

పురుగు పెరుగుదలకు గంటలతో పాటు వేడి కూడా కావాలి. ప్రతి జాతికీ ఒక కనిష్ఠ ఉష్ణోగ్రత ఉంటుంది, దాని కింద పెరుగుదల ఉండదు. ఆ కనిష్ఠం కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉందో, అది ఎన్ని గంటలు ఉందో గుణిస్తే వచ్చేదే డిగ్రీ-గంటలు. ఒక దశకు చేరడానికి ఎన్ని డిగ్రీ-గంటలు కావాలో ప్రయోగశాల పట్టిక నుంచి తీసుకుని, ఘటనా స్థలం ఉష్ణోగ్రతలతో వెనక్కి లెక్కపెడుతూ వెళ్లాలి.

లెక్క అర్థం కావడానికి ఒక కల్పిత ఉదాహరణ. జాతి కనిష్ఠం 10 డిగ్రీలు. పట్టిక ప్రకారం 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి మూడో దశ మొదలుకు 50 గంటలు. అంటే 15ను 50తో గుణిస్తే 750 డిగ్రీ-గంటలు. శవం మీద దొరికిన పెద్ద పురుగులు అప్పుడే మూడో దశలోకి వచ్చాయి, వాటిని ఉదయం 10 గంటలకు చంపారు.

ఆ రోజు అర్ధరాత్రి నుంచి పదింటి దాకా సగటు 22 డిగ్రీలు: 12ను 10తో గుణిస్తే 120. ముందు రోజు సగటు 20: 10ని 24తో గుణిస్తే 240, మొత్తం 360. దాని ముందు రోజు 19: 9ని 24తో గుణిస్తే 216, మొత్తం 576. ఇంకా 174 కావాలి. అంతకుముందు రోజు సగటు 21, అంటే గంటకు 11 చొప్పున. 174ను 11తో భాగిస్తే సుమారు 15.8 గంటలు. అర్ధరాత్రి నుంచి అన్ని గంటలు వెనక్కి వెళితే ఉదయం ఎనిమిది దాటిన సమయం వస్తుంది. ప్రయోగశాలలో 50 గంటల్లో జరిగిన ఎదుగుదలకు ఇక్కడ దాదాపు 74 గంటలు పట్టింది.

ఇప్పుడు అదే లెక్కలో కనిష్ఠాన్ని 6 డిగ్రీలుగా పెట్టి చూడండి. కావాల్సిన మొత్తం 950 అవుతుంది, గుడ్లు పెట్టిన సమయం అదే రోజు మధ్యాహ్నం రెండున్నరకు జరుగుతుంది. ఒక్క అంకె మారితే ఆరు గంటల తేడా. ఎవరి పట్టిక వాడారు, ఏ కనిష్ఠం తీసుకున్నారు అని ఎదుటి న్యాయవాది అడగడం చాదస్తం కాదు.

ఈ పద్ధతి మధ్యస్థ ఉష్ణోగ్రతల్లోనే సరళరేఖలా నడుస్తుంది. మరీ చలిలో, 35 డిగ్రీలు దాటిన వేడిలో ఆ రేఖ వంగిపోతుంది. పట్టిక తయారైన ఉష్ణోగ్రతకు ఘటనా స్థలం ఉష్ణోగ్రత ఎంత దగ్గరగా ఉంటే తప్పు అంత తగ్గుతుంది.

గడిచిపోయిన రోజుల ఉష్ణోగ్రత ఎక్కడి నుంచి వస్తుంది?

దగ్గరలోని వాతావరణ కేంద్రం నుంచి గంటవారీ రికార్డు తీసుకుంటారు. కానీ ఆ కేంద్రం బహిరంగ మైదానంలో ఉండవచ్చు, శవం చెట్ల నీడలోనో మూసిన గదిలోనో ఉండవచ్చు. కాబట్టి శవాన్ని తీసేశాక అదే చోట ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసే డేటా లాగర్ పెట్టి 5 నుంచి 10 రోజుల పాటు అరగంటకో గంటకో ఒకసారి నమోదు చేయాలి. ఆ రోజుల్లో కేంద్రం అంకెలకూ స్థలం అంకెలకూ ఉన్న సంబంధాన్ని గణించి, దాన్ని గడిచిన రోజులకు వర్తింపజేస్తారు. లాగర్ పెట్టిన రోజుల వాతావరణం, కావాల్సిన రోజుల వాతావరణం పూర్తిగా వేరైతే (ఒకటి ఎండ, ఒకటి ముసురు) ఈ సవరణ బలహీనపడుతుంది, ఆ మాట నివేదికలో రాయాలి.

గదిలో అయితే మొదట వెళ్లినవారు చేసే పని అన్నిటినీ తలకిందులు చేస్తుంది. వాసన భరించలేక కిటికీలు తెరుస్తారు, ఏసీ ఆపుతారు. తెరవక ముందు గది ఉష్ణోగ్రత, తలుపులు, కిటికీలు, ఫ్యాను, ఏసీ, హీటర్ ఏ స్థితిలో ఉన్నాయో రాసుకుంటే సగం పని అయినట్టే. తర్వాత లాగర్ పెట్టేటప్పుడు గదిని మళ్లీ అదే స్థితికి తేవాలి.

పురుగుల గుంపు వేడి సంగతేమిటి?

వందలు, వేలు ఒకచోట చేరి తింటుంటే గుంపు లోపల వేడి పుడుతుంది. బయటి గాలి కంటే 10, 20 డిగ్రీలు ఎక్కువగా ఉండటం అరుదేమీ కాదు. అంటే గాలి ఉష్ణోగ్రతతో లెక్కవేస్తే వయసు ఎక్కువ వస్తుంది, నిజానికి పురుగులు వేడిలో వేగంగా పెరిగి ఉంటాయి. గుడ్లు, మొదటి దశ, చిన్న రెండో దశ గుంపుల్లో ఈ ప్రభావం తక్కువ. మూడో దశలో ఎక్కువ. గుంపు మధ్యలోకి సన్నటి ప్రోబ్ దించి కొలిచి, గుంపు పొడవు, వెడల్పు, లోతు రాసుకోవాలి. పురుగులు మధ్యకీ అంచుకీ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి లోపలి వేడిని మొత్తం వయసుకు అంటగట్టడం కూడా తప్పే. నిజం రెండిటి మధ్య ఉంటుంది. అందుకని రెండు హద్దులతో రెండు లెక్కలు వేసి, పరిధిగా ఇవ్వడం నయం.

ఘటనా స్థలంలో నమూనాలు ఎలా సేకరించాలి?

ముట్టుకునే ముందు ఫోటోలు, కొలమానం పక్కన పెట్టి. తర్వాత ఉష్ణోగ్రతలు: నేల నుంచి ఒకటి, రెండు మీటర్ల ఎత్తున నీడలో గాలి, శవం పైభాగం, శవానికీ నేలకూ మధ్య, ప్రతి పురుగుల గుంపు, నేల పైపొర. థర్మామీటర్ మీద నేరుగా ఎండ పడకూడదు.

ఆ తర్వాతే పురుగులు. కళ్లు, ముక్కు, నోరు, చెవులు, గాయాలు వరసగా చూడాలి. ఒక్కో చోట నుంచి విడిగా తీయాలి, కలపకూడదు. ప్రతి గుంపు నుంచి 50 నుంచి 100 పురుగులు తీసుకుంటే సరిపోతుంది. పెద్దవాటిని ఎంచి తీయాలి, కానీ చిన్నవాటిని పూర్తిగా వదిలేయకూడదు, ఎందుకంటే అవి వేరే జాతివి, నెమ్మదిగా పెరిగేవి కావచ్చు, అప్పుడు చిన్నదే వయసులో పెద్దదవుతుంది.

సగం నమూనాలను చంపి భద్రపరచాలి. నీళ్లు మరిగించి, దించి, కాసేపు ఆగాక 80 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడు టీ వడపోతలో పురుగుల్ని ఉంచి 30 సెకన్లు ముంచాలి. అవి నిటారుగా సాగి, తెల్లగా నిలబడిపోతాయి. తర్వాత 80 శాతం ఇథనాల్‌లోకి మార్చాలి. ద్రవం పురుగుల పరిమాణానికి కనీసం రెట్టింపు ఉండాలి. పురుగుల ఒంట్లో నీరు ఎక్కువ కాబట్టి ద్రవం పలుచబడుతుంది, మర్నాడు మార్చాలి. ఈ వేడినీళ్ల మెట్టు దాటవేసి తిన్నగా ఆల్కహాల్‌లో వేస్తే పురుగులు ముడుచుకోవడమే కాదు, పేగుల్లోని బ్యాక్టీరియా చావక లోపలి నుంచి నల్లబడతాయి. ఫార్మలిన్ వద్దు, ఒళ్లు గట్టిపడి డీఎన్ఏ పాడవుతుంది. స్థలంలో నీళ్లు కాచే వీలుండదు కాబట్టి మంచి ఫ్లాస్కులో తీసుకెళ్లాలి, అక్కడ థర్మామీటర్‌తో సరిచూడాలి.

మిగతా సగం ప్రాణంతో ఉంచాలి. గాలి ఆడే డబ్బా, అడుగున తడి టిష్యూ లేదా రంపపు పొట్టు, కొంచెం కాలేయం. మూత బిగించిన సీసాలో వేస్తే గాలి ఆడక చస్తాయి, లేదా ఆవిరి నీటిలో మునుగుతాయి. మూతకు చేసిన రంధ్రాలు మరీ పెద్దవైతే మొదటి దశ పురుగులు తెల్లారేసరికి మాయమవుతాయి. ఒకే డబ్బాలో ఎక్కువ వేస్తే వాటికవే వేడెక్కుతాయి. ప్రయాణానికి 24 గంటల లోపు పడితే 2 నుంచి 6 డిగ్రీల దగ్గర చల్లగా తీసుకెళ్లవచ్చు, డబ్బాలో లాగర్ తప్పనిసరి.

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయాలి, ఇంకోటి బయట అంటించాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. లేబుల్ మీద తీసిన చోటు, తేదీ, సేకరించిన గంట, చంపిన గంట ఉండాలి. చివరి రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది. ఒకటి కాకపోతే ఏమవుతుందో పై ఉదాహరణతోనే చూడవచ్చు. సేకరించిన పురుగులు 28 డిగ్రీల గదిలో బల్ల మీద 14 గంటలు ఉండిపోతే వాటికి 252 డిగ్రీ-గంటలు అదనంగా చేరతాయి. అక్కడ శవం దగ్గర ఒక పూర్తి రోజుకు వచ్చింది 240.

చివరగా నేల. తిండి మానేసిన పురుగులు శవాన్ని వదిలి కొన్ని మీటర్ల దూరం పోతాయి. చుట్టూ నేలను పది సెంటీమీటర్ల లోతు వరకు తవ్వి జల్లెడ పట్టాలి. ఇంట్లో అయితే తివాచీ కింద, గోడ అంచుల్లో, మంచం కింద పెట్టెల వెనక వెతకాలి. అన్నిటికంటే పాత సాక్ష్యం శవం మీద ఉండదు, దానికి దూరంగా దాక్కుని ఉంటుంది. సేకరణల్లో ఎక్కువగా వదిలేసేది కూడా దీన్నే.

సగం పురుగుల్ని పెంచడం ఎందుకు? చంపినవి చాలవా?

రెండు కారణాలు. చిన్న లార్వాలను చూసి జాతి చెప్పడం కష్టం, ఈగ అయ్యాక సులువు. ఇంకా, ఈగ బయటికొచ్చే సమయం నుంచి వెనక్కి లెక్కవేస్తే మొదటి లెక్కకు రెండో సాక్షి దొరుకుతుంది. పెంచేటప్పుడు ఉష్ణోగ్రత నిలకడగా ఉంచాలి. ఒక పురుగుకు కనీసం ఒక గ్రాము చొప్పున కాలేయం పెట్టాలి, పైన పొడి పొట్టు వేయాలి. తిండి తగ్గితే పొట్టి ఈగలు వస్తాయి, కాలేయం మరీ తడిగా ఉండి నీరు చేరితే పురుగులు పైకెక్కి పారిపోతాయి.

గుడ్లు దొరికితే వాటిని చంపే ముందు కొన్నిటిని పొదగనివ్వాలి. ఎప్పుడు పొదిగాయో కళ్లతో చూస్తే కొన్ని గంటల ఖచ్చితత్వంతో అంచనా వస్తుంది.

గుంపు మొత్తంలో ఒకే ఒక్క పురుగు చాలా పెద్దగా ఉంది. దాన్నే వయసుకు తీసుకోవాలా?

వద్దు. కొన్ని జాతుల్లో తల్లి ఈగ కడుపులోనే ఒక గుడ్డు ఫలదీకరణ చెంది ఆగిపోవచ్చు. అది పెట్టిన వెంటనే పొదిగి మిగతావాటికంటే దాదాపు ఒక గుడ్డు దశ ముందుంటుంది. వేరే జాతి కూడా కావచ్చు. ముందు జాతి సరిచూసి, ఆ తర్వాత పెద్దవాటి గుంపు ఏం చెబుతుందో చూడాలి.

ప్యూపా నుంచి వయసు తెలుస్తుందా?

మూడో దశ లార్వా చర్మమే గట్టిపడి పెంకు అవుతుంది. మొదట తెల్లగా ఉండి ఒక్క రోజులోనే నారింజ, గోధుమ, ముదురు గోధుమ రంగుల్లోకి మారుతుంది. తెల్లటిది దొరికితే దాని వయసు గంటల్లో చెప్పవచ్చు. ముదురు రంగు వచ్చాక బయటి నుంచి ఏమీ తెలియదు. పెంకు జాగ్రత్తగా విప్పి లోపల చూడాలి: కళ్లు మొదట రంగు లేకుండా ఉండి, పసుపు, గులాబి, ఎరుపు గోధుమ రంగులకు మారతాయి, తర్వాత వెంట్రుకలు నల్లబడతాయి. భద్రపరిచేటప్పుడు పెంకుకు సూదితో రంధ్రం చేయకపోతే ఆల్కహాల్ లోపలికి దిగదు, లోపలిదంతా కుళ్లుతుంది.

మూత విచ్చుకున్న ఖాళీ పెంకు చాలా విలువైనది. కనీసం ఒక తరం ఈగ పూర్తిగా తయారై ఎగిరిపోయిందని దాని అర్థం. ఖాళీ పెంకుల్ని చెత్తగా భావించి ఊడ్చేస్తే రెండు వారాల పాత శవం నాలుగు రోజులదిగా తేలుతుంది.

ఈగలు రావడం ఎందుకు ఆలస్యమవుతుంది?

వెచ్చటి పగటిపూట బయట పడి ఉన్న శవం మీద కొన్ని నిమిషాల్లోనే వాలతాయి. రాత్రి గుడ్లు పెట్టడం అరుదు. జోరువాన, గట్టి గాలి, పది పన్నెండు డిగ్రీల లోపు చలి వాటిని ఆపుతాయి. దుప్పట్లు, ప్లాస్టిక్, మూసిన గది, కారు, మట్టి, నీరు అన్నీ ఆలస్యాన్ని పెంచుతాయి. ఎంత అన్నది దేనికదే. సూట్‌కేసు జిప్పు సందుల్లోంచి కూడా గుడ్లు పెట్టగలవు కాబట్టి ‘మూసి ఉంది, ఈగ రాలేదు’ అని తేల్చేయకూడదు. లెక్కలో గుడ్లు పెట్టిన సమయం అర్ధరాత్రి ఒంటిగంటకు వస్తే, అంకెను నమ్మడం కంటే ముందు సాయంత్రం ఈగలు తిరిగే వెలుతురు ఉందా అని చూడటం మంచిది.

పురుగు వయసు మరణం కంటే ఎక్కువ ఉండే అవకాశం ఉందా?

ఉంది. పుండ్లున్నవారు, కదల్లేని వృద్ధులు, ఆలనాపాలనా లేని పిల్లల ఒంటి మీద బతికుండగానే పురుగులు పడవచ్చు. ఆ లెక్కతో మరణాన్ని వెనక్కి నెడితే తప్పవుతుంది. పురుగులు ముఖాన్ని వదిలి పుండు, పక్కపుండు, మూత్రంతో తడిసిన చోట మాత్రమే పెద్దవిగా ఉంటే ఈ అనుమానం రావాలి. నిర్లక్ష్యం కేసుల్లో ఇదే ప్రధాన సాక్ష్యం అవుతుంది: ఎన్ని రోజులుగా పట్టించుకోలేదో పురుగు వయసు చెబుతుంది.

మృతుడు తీసుకున్న మందులు పురుగు మీద ప్రభావం చూపుతాయా?

చూపుతాయి. కొకైన్ ఉన్న కణజాలం తిన్న పురుగులు కొన్ని జాతుల్లో వేగంగా పెరుగుతాయి. హెరాయిన్ తిన్న లార్వాలు త్వరగా పెరిగినా వాటి ప్యూపా దశ సాగవచ్చు. మలాథియాన్ వంటి పురుగుమందులు ఈగలు వాలడాన్నే ఆలస్యం చేస్తాయి. మరోవైపు, కణజాలం మిగలని చోట పురుగుల్లో మందు జాడ వెతకవచ్చు. 1980లో లార్వాల్లో ఫీనోబార్బిటాల్ అనే మందును కనుగొన్న కేసు ప్రచురితమైంది. జాడ దొరికితే మందు ఉన్నట్టు చెప్పవచ్చు కానీ పురుగులో ఉన్న పరిమాణం నుంచి మనిషి ఎంత తీసుకున్నాడో లెక్కించడం నమ్మదగ్గ పని కాదు. తిండి మానేసిన పురుగులు మందును త్వరగా వదిలించుకుంటాయి, అందుకే ఈ పరీక్షకు తింటున్నవాటినే పంపాలి.

శవాన్ని వేరే చోటు నుంచి తెచ్చారని ఈగలు చెబుతాయా?

టీవీలో చూపించినంత సులువుగా చెప్పవు. చాలా జాతులు ఊళ్లోనూ అడవిలోనూ ఉంటాయి. ఆ ప్రాంతంలో అసలు ఉండని జాతి దొరికితే మాట వేరు. శవం లేకుండా పురుగులే మిగిలిన చోట మాత్రం వాటి అన్నాశయంలోని ఆహారం నుంచి మనిషి డీఎన్ఏ తీయగలిగితే, అవి ఎవరి మీద పెరిగాయో తేలుతుంది.

గాయాల గురించి కూడా అడుగుతుంటారు. ఈగలు ముందుగా ముఖం మీది రంధ్రాలనూ తెరిచిన గాయాలనూ ఎంచుకుంటాయి. అరచేతుల్లోనో ముంజేతుల మీదనో పెద్ద గుంపు ఉంటే అక్కడ గాయం ఉందేమో పోస్టుమార్టంలో ప్రత్యేకంగా చూడమని చెప్పాలి.

జాతి తప్పుగా గుర్తిస్తే ఎంత నష్టం?

లెక్క మొత్తం. పక్కపక్కనే తింటున్న రెండు జాతుల కనిష్ఠాలు, పెరిగే వేగాలు వేరు. సందేహం ఉంటే సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువు వరస చూస్తారు, కానీ దగ్గరి చుట్టాలైన జాతుల్ని అది అన్నిసార్లూ విడదీయలేదు. క్రైసోమియా రూఫిఫేసీస్ లార్వాను ఒంటి నిండా ఉండే ముళ్లలాంటి బొడిపెలతో పోల్చుకోవచ్చు. ఇది రెండో దశ నుంచీ ఇతర పురుగుల్ని తింటుంది. అంటే ముందొచ్చిన జాతి సాక్ష్యాన్ని ఇది మింగేసి ఉండవచ్చు. దీని గుంపు మాత్రమే కనిపిస్తే కనిష్ఠ సమయం మరింత తక్కువగా వచ్చే ప్రమాదం ఉంది.

శవాన్ని మార్చురీ ఫ్రిజ్‌లో పెట్టాక సేకరిస్తే?

పనికొస్తుంది, కానీ స్థలంలోనే సేకరించడం మేలు. ఫ్రిజ్‌లో ఒంటరి పురుగు ఆగిపోతుంది, పెద్ద గుంపు మాత్రం తన వేడితో కొన్ని గంటలు తింటూనే ఉంటుంది. ఎప్పుడు లోపల పెట్టారు, ఎప్పుడు తీశారు, బాడీ బ్యాగు లోపల ఎంత వేడి ఉంది అన్న మూడూ ఉంటే సర్దుబాటు చేయవచ్చు. బ్యాగు విప్పాక మడతల్లోనూ జిప్పు దగ్గరా చూడాలి, తిరుగుడు దశ పురుగులు అక్కడికే చేరతాయి.

ఎన్నాళ్ల వరకు ఈ పద్ధతి పనిచేస్తుంది?

మొదటి తరం ఈగలు ఎగిరిపోయే వరకు బాగా. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి తరాలు కలిసిపోతాయి. అప్పుడు చర్మం తినే డెర్మెస్టిడ్ పెంకుపురుగులు, గెంతే లార్వాలుండే జున్ను ఈగలు వంటి తర్వాతి కీటకాల వరసను చూడాల్సి వస్తుంది. అంచనా కూడా రోజుల నుంచి వారాలకూ నెలలకూ మారుతుంది.

ఇది కొత్త శాస్త్రమా?

కాదు. 1247లో చైనా న్యాయాధికారి సాంగ్ త్సు, హత్య జరిగిన ఊళ్లో కొడవళ్లన్నీ నేల మీద పెట్టించగా రక్తపు జాడ ఉన్న ఒక్కదాని మీదే ఈగలు వాలిన కేసును నమోదు చేశాడు. 1850లో ఫ్రాన్స్‌లో బెర్జెరే అనే వైద్యుడు ఒక శిశువు చనిపోయి ఎంత కాలమైందో తేల్చడానికి కీటకాలను వాడాడు, ఆయన లెక్కలో ఈగ జీవితచక్రం తప్పుగా ఉన్నా. 1935లో స్కాట్లాండ్‌లోని మొఫాట్ దగ్గర వాగులో దొరికిన శరీర భాగాల మీది లార్వాలను అలెగ్జాండర్ మెర్న్స్ పరిశీలించి, వాటికి 12 నుంచి 14 రోజుల వయసుందని తేల్చాడు. ఆ అంచనా డాక్టర్ బక్ రక్స్‌టన్ హత్య కేసులో మిగతా ఆధారాలతో సరిపోయింది.

నివేదికలో ఏం ఉండాలి?

జాతి పేరు, దాన్ని ఎలా గుర్తించారు, దశ, ఎన్ని నమూనాలు చూశారు, ఎప్పుడు ఎలా చంపారు, ఏ పట్టిక వాడారు, అది ఏ ప్రాంతపు ఈగల మీద ఏ ఆహారంతో తయారైంది, కనిష్ఠ ఉష్ణోగ్రత, వాతావరణ కేంద్రం దూరం, సవరణ పద్ధతి. ఫలితం ఒక్క గంటగా కాకుండా ‘ఈ సమయానికీ ఈ సమయానికీ మధ్య గుడ్లు పెట్టాయి’ అనే పరిధిగా ఉండాలి. గుడ్లు పెట్టిన సమయం ఒక పేరాలో, దాని నుంచి మరణం గురించి చేసిన ఊహ ఇంకో పేరాలో విడిగా రాయాలి. సాక్షుల మాటలు, పోలీసుల అనుమానం ఎంత నమ్మకంగా వినిపించినా లెక్క పూర్తయ్యే వరకు వినకపోవడం మంచిది. తెలిసిన తేదీ వైపు అంకెలు జరగడానికి ఒక్క డిగ్రీ సవరణ చాలు. నమూనాల్లో కొన్నిటిని ఎదుటి పక్షం నిపుణుడు మళ్లీ పరీక్షించడానికి వీలుగా విప్పకుండా దాచిపెట్టాలి.